జగ్గమ్మ తొయ్యని బండి

మా వైపు ఊళ్ళలో మశూచి వచ్చినా, కలరా వచ్చినా అమ్మవారిని ఎవరూ తిట్టేవారు కాదు. ఆడపడుచుని అత్తారింటికి పంపినట్టు కంటతడి పెట్టుకుని మరీ సాగనంపేవారు. వేపచెక్కతో మోకాలెత్తు బండి ఒకటి చేస్తారు. చక్రాలు అన్నం పళ్ళెమంత ఉంటాయి. బండి మీద పసుపు పూసిన కుండ, కుండలో బియ్యం, పైన వేపమండలు, ఓ రవికెలగుడ్డ, నాలుగు గాజులు. డప్పులతో ఊరంతా వెంట నడిచి, పొలిమేర దాటించి, పక్క ఊరి గట్టు మీద వదిలేసి వచ్చేస్తారు. వచ్చేటప్పుడు ఒక్కరూ వెనక్కి తిరిగి చూడకూడదు. పక్క ఊరివాళ్ళు లేచి చూసుకుంటారు. వాళ్ళూ పల్లెత్తు మాట అనరు. తమ వంతు గాజో గుడ్డో అందులో పెట్టి, తమ డప్పు తాము కొట్టుకుని, ఆ పై ఊరి గట్టుకి చేరుస్తారు. రాజాం అవతల ఎక్కడో బయల్దేరిన బండి ఇలా ఊరూరూ తిరుగుతూ, ఒక్క గుమ్మంలోనూ కూర్చోకుండా, ఒక్క ఇంటా మంచినీళ్ళు పుచ్చుకోకుండా సముద్రం వైపు దిగేది. ఇదేం మర్యాదో నాకు ఈనాటికీ బోధపడదు గానీ, పాటించడంలో మాత్రం ఎవరూ ఎవరికీ తీసిపోయేవారు కాదు.

మరి సముద్రం దగ్గరికి వచ్చాక? ఆ పైన పొలిమేర లేదు. అలా చిట్టచివర మిగిలిపోయిన ఊరు కొనపేట. కళింగపట్నానికి కూతవేటు దూరంలో, ఇసకలో వేరుశెనగ, పల్లంలో వరి వేసుకుని బతికే ఊరు. అక్కడికి చేరిన బండిని సముద్రంలోకి తోసెయ్యాలి. ఆ హక్కు ఒక్క ఇంటిదే, అందులోనూ ఆ ఇంటి ఆడబిడ్డదే. నేను చెప్పే రోజుల్లో ఆ ఆడబిడ్డ జగ్గమ్మ.

ఆడబిడ్డ అన్నానని పరికిణీ పిల్లని ఊహించుకోకండి. యాభై దాటిన మనిషి. బారెడు ఎత్తు, నాగలి పట్టి పట్టి మొద్దుబారిన చేతులు, వీధి ఈ చివర మాట్లాడితే ఆ చివర వినపడే గొంతు. చిన్నప్పుడే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన ఏడే తల్లి పురిట్లో పోయింది. నెత్తుటి గుడ్డుగా మిగిలిన తమ్ముడు గంగుల్ని ఆవిడే మేకపాలు పోసి పెంచింది. వాడు పెరిగి పెద్దయి, పొలం నచ్చక, ఓడల్లో ఖలాసీగా చేరాడు. పెళ్ళి చేసింది, కోడలు లాంటి మరదలు చిన్నతల్లి ఇంటికి వచ్చింది. గంగులు మాత్రం ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి చుట్టంలా వచ్చి, మాట్లాడే చిలకబొమ్మలూ, వాసన సబ్బులూ ఇచ్చి వెళ్ళిపోయేవాడు.

బండి వచ్చినప్పుడు జగ్గమ్మ చేసే పని ఇది. పొద్దు వాలుతూ, నీళ్ళు లోపలికి తీసే వేళ, ఊరంతా తడి ఇసకలో సముద్రానికి వీపు పెట్టి నిలబడుతుంది. ఆవిడొక్కతే అరటిదూలాల తెప్ప మీద బండి పెట్టుకుని రొమ్ములోతు నీళ్ళలోకి దిగుతుంది. "తల్లీ, మా ఊరు దాటిపో. మాకు కనపడని సోటికి పో" అంటుంది. తోసేస్తుంది. తిరిగి చూడకుండా గట్టుకి వచ్చి, వీపులు పెట్టి నిలబడ్డ జనాన్ని దాటుకుని ముందు నడుస్తుంది. ఆవిడ కనపడగానే పని అయిపోయినట్టు లెక్క. అందరూ ఆవిడ వెంట ఊళ్ళోకి నడుస్తారు. ఆ కనపడని చోటు ఎక్కడుందని జగ్గమ్మ ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని ఆవిడకేం ఉంది?

ఆ పని పంతొమ్మిది వందల అరవై ఏడులో పడింది. ఆ వైశాఖంలో పై ఊళ్ళనుంచి మశూచి బండి వచ్చింది, జగ్గమ్మ తోసింది. వానలు పడ్డాక ఓ సాయంత్రం పంచాయితీ రేడియో దగ్గర నరసింగరావు కేకేశాడు. నరసింగరావు ఊరి పెద్ద, వరసకి జగ్గమ్మకి బావ. రేడియో తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగే మనిషి.

"జగ్గమ్మా, మీ గంగులు ఓడ యే రేవులో ఉన్నాదన్నావే?"

"ఏడెనట, అరబ్బుల దేసం. ఓడ బాగుసేతకి ఆగినాదనీసి బీమిలి ఖలాసీ ఒకడు కబురట్టుకొచ్చినాడు. ఏటి బావా?"

"ఏటీ నేదు. ఆడ రోడ్ల మీద బాంబులు ఇసిరీస్తన్నారట. ఇంగిలీసోల్లు ఎల్లిపోవాలనీసి గొడవ. కొట్లలోన, బజార్లలోన, యెవుడు దొరికితే ఆడేనట."

అందరూ గంగులు కోసం అయ్యో అన్నారు. చిన్నతల్లి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. జగ్గమ్మ ఏడవలేదు. ఆవిడ బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. వైశాఖంలో తాను తోసిన బండి ఎక్కడికో ఓ చోటికి చేరాలి కదా. సముద్రానికి అవతలి ఒడ్డంటూ ఉంటే, ఆ ఒడ్డున ఊరంటూ ఉంటే, అక్కడివాళ్ళు పొద్దున్నే లేచి చూసుకుని ఉంటారు. వాళ్ళకి దాన్ని సాగనంపడం తెలుసో తెలియదో! నా చేత్తో నేనే తోశాను, వాడు అక్కడే ఉన్నాడు, అనుకుంది ఆవిడ. మీరూ నేనూ అయితే నవ్వేస్తాం. ఆవిడకి ఆ రోజునుంచి అన్నం సయించలేదు. సముద్రం కనపడకుండా మంచం అటు నుంచి ఇటు తిప్పించేసింది.

గంగులు మరుసటి ఏడు మొదట్లో వచ్చాడు. ప్రాణాలతోనే వచ్చాడు గానీ ఎడమ చెవి పోయింది. ఎడమవైపునుంచి ఎవరు పిలిచినా నవ్వుతూ కుడివైపు చూసేవాడు. ఓ మధ్యాహ్నం అక్కా తమ్ముడూ అరుగు మీద వేరుశెనక్కాయలు వలుస్తూ కూర్చున్నప్పుడు, వాడంతట వాడే చెప్పడం మొదలెట్టాడు.

"అప్పా, నాను కుర్రోడప్పుడు సైప్రస్ అనీ లంక ఎల్లినాను. ఆడ అప్పుడు ఇదే. ఒకడు బజారుంట నడిసెల్తంటాడు, ఎనకనుండి తుపాకి పేల్తాది. కొట్లు టపటపా మూసీసీవోరు. పిల్లలు గోడలకి అతుక్కుపోయీవోరు. మల్లా కొన్నేల్లకి అదే లంక ఎల్తే, కాపీ కొట్లకాడ కూకోని నవ్వుకుంటన్నారు. ఏటిది, ఆ బయ్యిమంతా ఏటైపోనాదీ అనుకున్నాను. ఏడెన్ల దిగినాక తెలిసినాది. ఈడికొచ్చీసినాది! అదే సప్పుడు, అవే మూసిన తలుపులు. ఆ లంకలో సూసిన సోల్జర్లే కొందరు ఈడ కనపడినారు. రేవు నిండా ఓడలుండీవి. ఆ పైనేమో ఓడలెల్లీ కాలవ మూసీసినారు, ఓడలు రావడం మానీసినాయి. అంత రేవూ కాకులకి మిగిలిపోనాది."

జగ్గమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడి లంక, ఎక్కడి రేవు! మన ఊళ్ళలో గట్టునుంచి గట్టుకి పోయినట్టే, అక్కడ దేశాలనుంచి దేశాలకి పోతోందన్నమాట. ఇంత పెద్ద సాగనంపు లోకంలో ఉందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

"యెవులు పంపినార్రా?"

"యెవులు పంపుతారు? ఓ కాడ సల్లారితే ఓ కాడ అంటుకుంటాది."

"యెవులూ పంపకుండా యెలాగొస్తాదిరా?" అని, ఇక ఉండబట్టలేక వైశాఖంలో తోసిన బండి సంగతి కక్కేసింది. గంగులు ముందు నోరు తెరిచాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓలప్పా! అది పడమటి సముద్రం. మనది తూరుపు సముద్రం."

"మరి నివ్వెలాగెల్లినావు? ఓడెక్కే కదా ఎల్లినావు? నివ్వెల్లిన దారంట అది ఎల్లనేదా?"

వాడి నవ్వు ఆగిపోయింది. లోకం సగం తిరిగిన ఖలాసీ గుప్పెడు పప్పులు నోట్లో పోసుకున్నాడు. తరవాత చెవి సంగతి చెప్పాడు. బజార్లో బాంబు పడినప్పుడు జనం విరగబడి పరిగెత్తారట. వీడు ఒక గోడవారన పడిపోయాడట. పక్క గుమ్మంలోంచి ఒక ముసలావిడ వచ్చి చెయ్యి పట్టి లోపలికి లాగేసింది. తలుపు వేసింది. చాపేసి కూర్చోబెట్టి, చెవికి తడిగుడ్డ పెట్టి, రాగి గిన్నెతో మంచినీళ్ళు ఇచ్చింది.

"మాట తెలీదప్పా. నీలాగే బారుగా ఉన్నాది. ముక్కుకి పుడక. నాను తాగినంతసేపూ ఎదర కూకోని ఒగ్గకుండా సూసినాది."

"ఆ యమ్మ ఇప్పుడెలాగున్నాది?"

"తెలీదు. మూడోనాడు ఎల్లి సూస్తే ఆ ఈది ఈదంతా బొగ్గయిపోయి ఉన్నాది."

మూడు నెలలు ఇంట్లో ఉండి గంగులు మళ్ళీ ఓడెక్కేశాడు. ఆవిడకి మాత్రం ఆ పుడక ముసలావిడ ఇంట్లో మనిషైపోయింది. పండగ పూట అరిసె విరిచినా, ఆవిడ తిన్నదో లేదో అనేది. చిన్నతల్లి నెత్తి కొట్టుకునేది.

అరవై తొమ్మిది వచ్చింది. ఈసారి ఆ భయం మా పడమర కొండల మీదే మొదలైంది. ఒక ఊళ్ళో తుపాకులు పట్టినవాళ్ళు భూస్వామి బుగత ఇంటి తలుపు కొట్టి పిలిచారని, తెల్లారేసరికి ఆయన లేడని కబురు. ఇంకో చోట గూడెంలోకి పోలీసు జీపులు వచ్చాయని, మగవాళ్ళు అడవుల పాలయ్యారని కబురు. కొండనుంచి చీపుళ్ళు, చింతపండు తెచ్చే ఆడవాళ్ళు సంతకి రావడం మానేశారు. బస్సుల్లో మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఊరు పేరు అడగడం మానేశారు. అదే రోజుల్లో రేడియోలో మరో వింత చెప్పారు. ఎవరో కొందరు ఆకాశంలో విమానాన్నే బెదిరించి, వెళ్ళాల్సిన దేశానికి కాకుండా వేరే దేశానికి తిప్పించుకుపోయారట. వార్తలు అయిపోయాక నరసింగరావు రేడియో కట్టేసి, ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయాడు. జగ్గమ్మ కూడా చూసింది.

"సూసినావా బావా, అది ఓడ దిగి ఇమానమెక్కినాది" అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

వానలు వెనకబట్టాక పొలిమేరలో డప్పు వినపడింది. ఊరంతా బిత్తరపోయింది. ఆ ఏడు మశూచి లేదు, కలరా లేదు. నరసింగరావు గట్టు మీదకి వెళ్ళి, వదిలేసి పోతున్న పై ఊరివాళ్ళని గట్టిగా అడిగాడు. "ఏ అమ్మోరర్రా?"

వాళ్ళు వెనక్కి తిరగకుండానే అరిచారు. "అమ్మోరు కాదు బాబూ. బయ్యిం!"

అలాంటి బండిని కొనపేట చూడటం అదే మొదటిసారి. కొండ మొదట్లో ఏ ఊరివాళ్ళకి తట్టిందో ఆ ఆలోచన! రోగాన్ని సాగనంపినట్టు భయాన్ని సాగనంపారు. కుండ మామూలే, వేపమండలు మామూలే. కానీ గాజులూ గుడ్డలూ కాకుండా ఏవేవో ఉన్నాయి లోపల. కొనపేట వాళ్ళు కూడా తలో వస్తువూ వేశారు. నరసింగరావు అందరూ పోయాక వచ్చి, చుట్టూ చూసి, పిడికిలి కుండలో పెట్టి తీశాడు. ఆ వేళకి అక్కడ జగ్గమ్మ తప్ప ఎవరూ లేరు. ఆవిడ చూడనట్టు ఊరుకుంది.

పొద్దు వాలేవేళ బండి ఒడ్డుకి చేరింది. అప్పటికి గంగులు దగ్గరనుంచి కబురు లేక చాలా కాలమైంది. ఏ సముద్రం మీద ఉన్నాడో, ఏ రేవులో దిగాడో తెలియదు. జగ్గమ్మ బండిని తెప్ప మీద పెట్టుకుని నీళ్ళలోకి దిగింది. వెనక డప్పు ఆగిపోయింది. అందరూ వీపులు పెట్టి నిలబడ్డారు.

నడుంలోతుకి వెళ్ళాక అల ఒకటి బండిని కుదిపింది. కుండలో గలగలమంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేసింది జగ్గమ్మ. వేపమండలు తప్పించి లోపలికి చూసింది. కొండ ఆడవాళ్ళ మెడలో ఉండే ఎర్రపూసల దండ ఉంది. ఏ బుగత ఇల్లాలిదో, పట్టుచీర అంచు ముక్క ఉంది. పసిపిల్ల మొలతాడు ఉంది. పలకముక్క ఉంది. పూసల మీద పడి ఒక ఖాకీ చొక్కా ఇత్తడి బొత్తాం ఉంది. నరసింగరావు తమ్ముడు పార్వతీపురం వైపు కానిస్టేబులు. అల వచ్చినప్పుడల్లా పూసలూ బొత్తామూ ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి.

ఒకళ్ళకొకళ్ళు భయపడి గజగజలాడే మనుషులందరూ ఆ మూరెడు బండిలో ఒకే కుండలో కూర్చుని ఉన్నారు. ఊరి పేరు చెప్పుకోవడానికి కూడా జడిసేవాళ్ళు, ఒకే దేవతకి ముడుపు కట్టుకున్నారు. జగ్గమ్మకి గుండెలు నిండిపోయాయి. నిలువెల్లా దణ్ణం పెట్టాలనిపించింది. "తల్లీ, మా ఊరు దాటిపో" అంది. రెండో మాట నోటికి రాలేదు. ఎదురుగా నీళ్ళు, నీళ్ళ అవతల మళ్ళీ నీళ్ళు, ఆ అవతల ఎక్కడో ఒక గుమ్మం, గుమ్మంలో ముక్కుపుడక, చేతిలో రాగి గిన్నె.

ఒడ్డున జనం మామూలుగా ఎదురు చూస్తున్నారు. తడి చీర చప్పుడు వినపడింది. అమ్మయ్య అనుకున్నారు. జగ్గమ్మ వాళ్ళ మధ్యనుంచి దాటి ముందుకి నడిచింది. ఆవిడ నెత్తి మీద బండి ఉంది. చక్రాలనుంచి ఉప్పునీళ్ళు కారి మొహం మీద పడుతున్నాయి. వెనక్కి తిరిగి చూడకూడదన్న కట్టుబాటు ఎవరూ తప్పలేదు. బండే వాళ్ళ ముందుకి వచ్చింది.

సముద్రంలోకి పోయిన బండి తిరిగి రావడం ఆ ఊరు పుట్టి ఎరగదు. ఒక ముసలమ్మ ఇసకలో సాగిలపడిపోయింది. డప్పువాళ్ళు పారిపోయారు. నరసింగరావు ఆవిడకి అడ్డంగా వచ్చాడు.

"ఒసే! ఏటే ఇది? ఊరు తగలెట్టీగలవా యేటి?"

"నాను తొయ్యను బావా."

"నీ ఇష్టమేటే? తరతరాల నుండి తోస్తన్నారు. తొయ్యకపోతే ఈడే కూకుంటాది!"

"కూకోనీ. కొండల కాడ నుండి నడిసొచ్చినాది. ఒక్కలైనా కూకోమన్నారేటి? ఒక్కలైనా నీల్లిచ్చినారేటి?" జగ్గమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "నీ తమ్ముడి బొత్తాం ఇందల ఉన్నాది బావా. ఆడ్ని సముద్రంలకి తొయ్యమంతావేటి?"

నరసింగరావు చెయ్యి మొలతాడు దగ్గరికి పోయింది, తాళంచెవి పట్టుకుని నిలబడిపోయాడు. కానీ ఊరి పెద్ద కదా, అందరి ముందూ తగ్గడు. "ఆ బండి నీ ఇంటున్నంత కాలం, నీ ఇంటికి నిప్పు నేదు, నీ నూతికి సేద నేదు" అని వెలేశాడు.

అన్నంత పనీ అయింది. చిన్నతల్లి ఏడుస్తూ పుట్టింటికి వెళ్ళిపోయింది. జగ్గమ్మ వాకిట్లో పీట వేసి బండిని కూర్చోబెట్టింది. చక్రాలకి నీళ్ళు పోసింది, ఎదుట చెంబుతో మంచినీళ్ళు పెట్టింది. పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని వణికింది. ధైర్యం ఉండి చేసిందని మీరు అనుకుంటారేమోనని చెబుతున్నాను. ఆవిడంత భయపడిన మనిషి ఆ ఊళ్ళో లేదు.

బండి ఆగినంత మాత్రాన కొండలేమీ చల్లబడలేదు. కబుర్లు వస్తూనే ఉన్నాయి. కొనపేట కూడా తగలబడిపోలేదు. శెనగ పండింది, గేదెలు ఈనాయి. ఎప్పటినుంచో తెలియదు గానీ, పొద్దున్న జగ్గమ్మ లేచేసరికి బండి ముందు చెంబు నిండి ఉండేది. తాను నింపకముందే ఎవరో నింపేవారు. ఒకనాడు మొలతాడుకి తాళంచెవి గలగలలాడుతూ వెళ్ళిపోవడం వినపడింది. ఆవిడ కిటికీ తెరవలేదు. తరవాత చిన్నతల్లి తిరిగి వచ్చింది. ఆ పై మాఘంలో పొలిమేరకి మరో బండి వచ్చింది. కొనపేట వాళ్ళు దాన్ని సముద్రం వైపు తీసుకెళ్ళలేదు. డప్పు లేకుండా తెచ్చి, జగ్గమ్మ వాకిట్లో మొదటిదాని పక్కన దింపి వెళ్ళిపోయారు.

గంగులు వచ్చేసరికి వాకిట్లో రెండు బళ్ళు, వాటి చక్రాల నీడలో కోడిపిల్లలు. చిన్నతల్లి జరిగిందంతా చెప్పింది. వాడు బండిలోని పూసలు చూశాడు, బొత్తాం చూశాడు. ఎన్నో రేవులు చూసిన మనిషి, సొంత ఇంటి వాకిట్లో, గుడి ముందర విడిచినట్టు చెప్పులు విడిచాడు. తరవాత వచ్చి అరుగు మీద అక్క పక్కన కూర్చున్నాడు.

"నీకు బయ్యిం నేదా అప్పా?"

"ఎందుకు నేదూ? పీకలదాకా ఉన్నాది. ఎక్కడో ఓ కాడ దిగాల గదరా అది." జగ్గమ్మ సముద్రం వైపు చూసింది. మంచం మళ్ళీ ఎప్పుడో అటు తిప్పించేసుకుంది. "సిన్నప్పటి నుండి నీల్లల నిలబడి, మాకు కనపడని సోటికి పో అనీదాన్ని. ఆ సోట్ల నివ్వున్నావురా."

ఆవిడ కూర్చున్నది వాడి ఎడమవైపు. వాడు నవ్వుతూ కుడివైపు తిరిగి, "ఏటన్నావూ?" అన్నాడు.

జగ్గమ్మ లేచి, అటువైపు వెళ్ళి కూర్చుని, మళ్ళీ చెప్పింది.